వెనక డ్రమ్ములు తీసి డిస్కులు వేయడం: 2017 బాలెనో పెట్రోల్, హనుమకొండ

హంటర్‌రోడ్_హ్యాచ్

అన్నలకు నమస్తే. బండి 2017 బాలెనో పెట్రోల్, 16 అంగుళాల అలాయ్ వీల్స్. ఐదుగురం ఎక్కి డిక్కీ నిండ సామాన్ పెడితే కెరమెరి ఘాట్ దిగేటప్పుడు పెడల్ మామూలు కన్న లోపలికి పోతున్నది. హ్యాండ్ బ్రేక్ చానా పైకి లాగితేనే పట్టుతది. వెనక డ్రమ్ములు తీసేసి డిస్కులు ఏద్దామని ఆలోచన. ఎవరికన్న పక్కా తెలిస్తే చెప్పుండ్రి: ఏమేం సామాన్ కావాలె, ఏబీఎస్‌కు (బ్రేక్ కొట్టినప్పుడు చక్రం లాక్ కాకుండ చూసేది) ఇబ్బంది అయితదా, ఆగే దూరం ఎంత తగ్గుతది?

గేజ్_గురువు

చివరి ప్రశ్నతో మొదలుపెడదాం. ఆగే దూరం దాదాపు తగ్గదు.

డ్రైవర్‌తో కలిపి బండి 1000 కిలోలు అనుకోండి. నిలిచి ఉన్నప్పుడు ముందు 600, వెనక 400. బాలెనో వీల్‌బేస్ 2.52 మీటర్లు. గురుత్వ కేంద్రం నేల నుంచి 0.55 మీటర్ల ఎత్తులో ఉందనుకుంటే, 0.8 జి (గురుత్వ త్వరణంలో 0.8 వంతు) తో గట్టిగా బ్రేక్ వేసినప్పుడు 1000 × 0.8 × 0.55 ÷ 2.52, అంటే సుమారు 175 కిలోల బరువు వెనక నుంచి ముందుకు మారుతుంది. ముందు టైర్ల మీద 775, వెనక 225. వెనక టైర్లు రోడ్డును పట్టుకోగలిగేది ఆ 225 కిలోల మేరకే. అంత పట్టును ఇప్పుడున్న డ్రమ్ము సులువుగా అందుకుంటుంది. పెడల్ గట్టిగా తొక్కితే ఏబీఎస్ తడతడలాడుతోందంటే, టైరు పట్టు అయిపోయిందని అర్థం. అక్కడ డిస్కు పెట్టినా అదనంగా వచ్చేదేమీ లేదు.

ఫోక్స్‌వ్యాగన్ ఐడీ.4 లాంటి ఎలక్ట్రిక్ బండికి వెనక డ్రమ్ములే ఉన్నాయి. డ్రమ్ము ఉన్నంత మాత్రాన పాతకాలపు బండి అని కాదు.

లేత్_మిస్త్రి

తమ్మీ, నువ్వు చెప్పిన రెండు లక్షణాలు కలిపి చూస్తే ముందు అనుమానం లైనర్ల సందు సర్దే అడ్జస్టర్ మీదికే పోతది. పెడల్ లోపలికి పోవుడు, హ్యాండ్ బ్రేక్ పైకి రావుడు, రెండింటికీ ఒక్కటే కారణం ఉండొచ్చు: లైనర్లకు డ్రమ్ముకు మధ్యల సందు ఎక్కువైంది. డిస్కు సంగతి తర్వాత. ముందు డ్రమ్ము ఇప్పి చూడు.

డ్రమ్ము రాకుంటే సుత్తితోని అంచు మీద కొట్టకు, పగులుతది. డ్రమ్ము ముఖం మీద మరలున్న రెండు రంధ్రాలు ఉంటే 8 ఎంఎం బోల్టులు రెండూ సమానంగ బిగించుకుంట పో, అదే బయటికి తోసుకొస్తది. అయినా రాకుంటే లోపల అంచుకు అరుగుడు గీత పడి లైనర్లు తట్టుకుంటున్నయన్నట్టు. బ్యాక్ ప్లేటు ఎనక రబ్బర్ మూత తీసి అడ్జస్టర్‌ను ఎనకకు తిప్పి లైనర్లు లోపలికి జరపాలె. డ్రమ్ముల బేరింగ్ కలిసి ఉన్న బండ్లయితే నడిమిట్ల స్పిండిల్ నట్టు ఇప్పాలె. ఆ నట్టు మల్ల పాతది వాడొద్దు, కొత్తది ఏసి అంచును గాడిలకు నొక్కాలె.

లోపల గాలి కొట్టి దుమ్ము లేపకు, ముక్కులకు పోతది. బ్రేక్ క్లీనర్ కొట్టి తడిగనే తుడువు. మన దిక్కు కరీంనగర్ గ్రానైట్ పొడి, భూపాలపల్లి బొగ్గు దుమ్ము, రెండూ డ్రమ్ములల్ల పేరుకుంటయి. డ్రమ్ములకు పోయిన పొడి బయటికి రావడానికి తొవ్వ లేదు, లైనర్ మీద అద్దం లెక్క మెరుపు పడుతది.

లేత్_మిస్త్రి

ఇంకోటి మరిచిన. అడ్జస్టర్ నక్షత్రం తిరుగుతదా చూడు. తుప్పు పట్టి ఇరుక్కుంటే తీసి మరలు శుభ్రం జేసి కొంచెం వేడి తట్టుకునే గ్రీజ్ పెట్టు. ఎడమ కుడి మార్చకు. మరల దిశ ఉల్టా ఉంటది. మార్చి ఏస్తే బ్రేక్ కొట్టినప్పుడల్లా బిగిసే బదులు వదులైతది. పని జేయించుకున్న వారానికే పెడల్ కిందికి పోతున్నదంటే నూటికి తొంబై పాళ్లు ఇదే.

లైనర్లను ఆయిల్ ఒత్తిడితోని నెట్టే వీల్ సిలిండర్ రబ్బర్ కొన మెల్లగ లేపి చూడు. ఊరికె చెమ్మ ఉంటే పర్వాలేదు, ఆయిల్ చుక్క కారితే రెండు దిక్కులా మార్చాలె. లైనర్ మందం 1 ఎంఎం దగ్గరికొస్తే మార్పే. డ్రమ్ము లేత్ మీద ఎక్కియ్యాలంటే దాని మీద అచ్చు గుద్ది ఉన్న గరిష్ట వ్యాసం చూడాలె, 200 డ్రమ్ముకు మామూలుగ 202 దాక. రెండు డ్రమ్ములూ ఒకే కొలతకు కోయాలె, లేకుంటే బండి ఒక దిక్కు గుంజుతది.

నిర్మల్_ఘాట్

మిస్త్రి అన్న చెప్పింది నిజమే గని, డిస్కుకు లాభమే లేదన్నట్టు మాట్లాడితే ఒప్పుకోను. గేజ్ గురువు గారు ఒక్క గట్టి బ్రేకు లెక్క చెప్పిండ్రు. ఘాట్ల అది కాదు కథ. మహబూబ్ ఘాట్ నిండు బండితోని దిగేటప్పుడు మళ్ల మళ్ల బ్రేక్ పడుతది. డ్రమ్ము వేడెక్కితే వ్యాకోచించి లైనర్‌కు దూరం జరుగుతది, పెడల్ లోపలికి పోతది. డిస్కు వేడెక్కితే ప్యాడ్ దిక్కే ఉబ్బుతది. పైగ డిస్కు గాలికి బయట ఉంటది, తొందరగ చల్లబడుతది.

రెండోది నీళ్లు. వాన కాలం నయీంనగర్ దిక్కు మోకాలు లోతు నీళ్లల్ల బండి పోతే డ్రమ్ముల నీళ్లు నిలుస్తయి. బయటికొచ్చినంక కొంత దూరం వెనక బ్రేకే ఉండదు, ఒక దిక్కు ముందు ఆరితే బండి అటే లాగుతది. డిస్కు రెండు మూడు తిరుగుళ్లల్ల నీళ్లు విదిలిస్తది. మూడోది ప్యాడ్ మందం. చక్రం సందుల నుంచి టార్చ్ కొట్టి చూడొచ్చు, ఏదీ ఇప్పే పని లేదు.

గేజ్_గురువు

నిర్మల్_ఘాట్ గారు చెప్పిన మూడూ సరైనవే. వాటి కోసమైతే మార్చుకోవచ్చు, ఆగే దూరం కోసమైతే వద్దు. అయితే ఘాట్‌లో పెడల్ లోపలికి పోవడాన్ని ఇంకాస్త విడదీసి చూడాలి.

పెడల్ గట్టిగానే ఉండి బండి ఆగకపోతే, ప్యాడ్ లేదా లైనర్ వేడికి పట్టు వదిలినట్టు. పెడల్ స్పాంజిలా మెత్తబడి లోపలికి పోతే, బ్రేక్ ఆయిల్ ఉడికి ఆవిరి బుడగలు పట్టినట్టు. చల్లగా ఉన్నప్పుడు కూడా లోపలికి పోతూ, రెండు మూడుసార్లు కొడితే పైకొస్తే అడ్జస్టర్ వదులు. తొక్కి పట్టుకుని ఉంటే మెల్లగా దిగిపోతూ ఉంటే, పెడల్ తొక్కితే ఆయిల్‌ను నెట్టే మాస్టర్ సిలిండర్ లోపల రబ్బర్లు కారుతున్నట్టు. ఈ నాలుగింటికీ మందులు నాలుగు, డిస్కు వీటిలో దేనికీ సూటి మందు కాదు.

ఆయిల్ విషయం: డాట్ 3 కొత్తది 205 డిగ్రీల దగ్గర మరుగుతుంది, 3.7 శాతం నీరు పీల్చుకున్నాక 140 కే. డాట్ 4 కొత్తది 230, తడిది 155. ఆయిల్ గాలిలోని తేమను తాగుతూనే ఉంటుంది కాబట్టి రెండేళ్లకోసారి మార్చాలి. 2017 బండిలో మొదటి ఆయిలే ఇంకా ఉంటే ఘాట్‌లో మెత్తబడటం వింతేమీ కాదు. డాట్ 5 మాత్రం పోయకండి, అది సిలికాన్, వీటితో కలవదు. డాట్ 5.1 వేరే సంగతి, అది కలుస్తుంది. ఇక ఘాట్‌లో రెండో గేరులో దిగితే ఇంజనే సగం పని చేస్తుంది. ఇది ఎంత చెప్పినా తక్కువే.

హంటర్‌రోడ్_హ్యాచ్

సార్, పెడల్ రెండు మూడు సార్లు కొడితే పైకొస్తున్నది. అంటే అడ్జస్టరే అనుకుంట. ఆదివారం ఇప్పి చూస్త. కని నిర్మల్ అన్న చెప్పిన నీళ్ల సంగతి, ఘాట్ సంగతి నాకు అక్కరే. డిస్కే ఎయ్యాలంటే ఎట్ల? స్క్రాప్‌ల వేరే బండి కాలిపర్లు (డిస్కు మీదికి ప్యాడ్లు నొక్కేవి) చవకగ దొరుకుతున్నయి, బ్రాకెట్ చేయించి ఏస్తే నడుస్తదా?

కాజీపేట_కాలిపర్

స్క్రాప్ వద్దు. నీ అదృష్టం ఏందంటే, నీ బండికి కంపెనీ డిస్కు సెట్టు ఉన్నది. బాలెనో ఆర్‌ఎస్ 2017 మార్చిల వచ్చింది, 1.0 బూస్టర్‌జెట్ ఇంజన్, నాలుగు దిక్కులా డిస్కులు. మూడేళ్లు కూడ అమ్మలే, అందుకే సామాన్ షెల్ఫ్ మీద ఉండదు, ఆర్డర్ పెట్టాలె. పార్ట్ కౌంటర్ల ఆర్‌ఎస్ ఛాసిస్ నంబర్ తోని బొమ్మ తీయించి, నీ బండి బొమ్మ పక్కన పెట్టి నంబర్లు పోల్చు. నంబర్ ఒకటే ఉన్నవి కొనే పని లేదు, వేరే ఉన్నవే నీ లిస్టు.

చూడవలసినవి: స్పిండిల్, హబ్బు బేరింగ్, డస్ట్ కవర్, కాలిపర్ బ్రాకెట్, లివర్ ఉన్న కాలిపర్లు ఎడమ కుడి, డిస్కులు, ప్యాడ్లు, క్లిప్పులు, ఫ్లెక్సిబుల్ హోసులు, హోసు పట్టే బ్రాకెట్లు, హ్యాండ్ బ్రేక్ కేబుళ్లు రెండు, వీల్ స్పీడ్ సెన్సర్లు, మాస్టర్ సిలిండర్, ఏబీఎస్ యూనిట్. చివరి రెండూ చానా మంది చూడరు. అక్కడనే పని పాడైతది.

చిన్న సామాన్ కూడ రాసుకో. హోసును కాలిపర్‌కు బిగించే బ్యాంజో బోల్టుకు రాగి వాషర్లు దిక్కుకు రెండు, మొత్తం నాలుగు, కొత్తయే. డాట్ 4 ఆయిల్ లీటర్. ఫ్లేర్ నట్టు ఇప్పే 10 నంబర్ పానా వేరేది ఉంటది, గొట్టం మీది నుంచి ఎక్కించేది. మామూలు పానా పెడితే నట్టు మూలలు గుండ్రమైతయి, అప్పుడు పైపు మొత్తం మార్చాలె.

గేజ్_గురువు

స్క్రాప్ కాలిపర్ ఎందుకు వద్దో లెక్కతో చూపిస్తాను. కొలతలు ఉదాహరణ కోసం తీసుకున్నవి, మీ బండివి మీరు కొలవాలి.

డ్రమ్ములో వీల్ సిలిండర్ 17.46 ఎంఎం అయితే వైశాల్యం 2.39 చదరపు సెంటీమీటర్లు. ముందు లైనర్, వెనక లైనర్ కలిసి ఇచ్చే బ్రేక్ ఫ్యాక్టర్ (నొక్కే బలానికి ఎన్ని రెట్లు బ్రేకు బలం వస్తుందో) సుమారు 2.3. వ్యాసార్ధం 100 ఎంఎం. గుణిస్తే 550.

డిస్కులో ఘర్షణ గుణకం 0.38, రెండు ప్యాడ్లు కాబట్టి ఫ్యాక్టర్ 0.76. డ్రమ్ము తిరుగుతూ లైనర్‌ను తనలోకి లాక్కుంటుంది, డిస్కు లాక్కోదు. అందుకే ఈ తేడా. పిస్టన్ 34 ఎంఎం అయితే వైశాల్యం 9.08. డిస్కు పని చేసే వ్యాసార్ధం 105 ఎంఎం. గుణిస్తే 725. అంటే అదే పెడల్ ఒత్తిడికి వెనక బ్రేకు 32 శాతం ఎక్కువ. బండి ఖాళీగా ఉన్నప్పుడు వెనక చక్రాలే మొదట లాక్ అవుతాయి, తోక తిరిగిపోతుంది. ఏబీఎస్‌లోని ఈబీడీ (ముందు వెనక చక్రాలకు బ్రేకు బలం పంచేది) కొంత ఆపుతుంది కానీ, అది డ్రమ్ము కోసం రాసిన లెక్క.

అదే పిస్టన్ 30 ఎంఎం అయితే 7.07 × 0.76 × 105, సుమారు 564. డ్రమ్ముకు దగ్గరగా వచ్చేసింది. 4 ఎంఎం తేడాలో అంతా ఉంది. చవకగా దొరికింది కదా అని పెద్ద కాలిపర్ తెస్తే జరిగేది ఇదే.

పెడల్ దూరం కూడా చూడాలి. 34 పిస్టన్ అర మిల్లీమీటర్ కదిలితే రెండు వైపులా కలిపి 908 ఘన మిల్లీమీటర్ల ఆయిల్ కావాలి. మాస్టర్ సిలిండర్ 20.64 ఎంఎం బోరు అయితే అది 2.7 ఎంఎం స్ట్రోకు. పెడల్ నిష్పత్తి 4 అయితే కాలి కింద 11 ఎంఎం, వెనక బ్రేకులకే.

లేత్_మిస్త్రి

బ్రాకెట్ సంగతి నేను చెప్త. లేత్ మీద బ్రాకెట్ చేసుడు కష్టం కాదు. కష్టం ఏందంటే కాలిపర్ డిస్కుకు నిలువుగ నిలబడాలె, నడిమి గీత డిస్కు నడిమిట్లనే ఉండాలె. అర మిల్లీమీటర్ వంకర ఉన్నా ప్యాడ్ ఒక కొస అరుగుతది. యాక్సిల్ బీమ్‌కు వెల్డింగ్ మాత్రం పెట్టనే పెట్టొద్దు. ఆ బీమ్ మెలిక తిరుగుతనే ఉంటది, వెల్డింగ్ అంచు కాడ పగులు లేస్తది. వెల్డింగ్ జేసేటప్పుడు స్పీడ్ సెన్సర్ వైరు, బేరింగ్ సీలు మాడుతయి, అది వేరే లొల్లి.

కాజీపేట_కాలిపర్

సెన్సర్ మాట వచ్చింది కాబట్టి. పాత రకంల సెన్సర్ చదివే పండ్ల (దంతాల) చక్రం ఉంటది, కొత్త రకంల బేరింగ్ సీలు మీదనే అయస్కాంత పట్టీ ఉంటది. కంటికి మామూలు నల్ల రబ్బర్ లెక్క కనపడుతది. బేరింగ్ ఉల్టా కూర్చోబెడితే పట్టీ సెన్సర్ దిక్కు ఉండదు, ఏబీఎస్ లైట్ వెలుగుతనే ఉంటది. బోల్టులు పెట్టే అయస్కాంతం పళ్లెం దాని దగ్గరికి తేవొద్దు. పండ్ల లెక్క ముందు వెనక ఒకదానికొకటి కుదరాలె. కుదరకుంటే బ్రేక్ తొక్కకముందే చక్రం జారుతున్నదని యూనిట్ అనుకుంటది.

పేపర్_పక్కా

ఎవరూ ఎత్తలేదు కాబట్టి చట్టం సంగతి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన సెక్షన్ 182ఏ లో, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకు 5000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. బ్రేకుల నిబంధన కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 96వది.

అదే మోడల్ ఇంకో వేరియంట్ సామాను కదా, ఏమవుతుందిలే అనుకోవద్దు. ముందు ఆర్టీవో ఆఫీసులో రాతపూర్వకంగా అడగండి, ఇన్సూరెన్స్ కంపెనీకి కూడా మెయిల్ పెట్టి జవాబు దాచుకోండి. ప్రమాదం జరిగాక సర్వేయర్ మొదట చూసేది బ్రేకులే. నోటిమాటగా "ఏం కాదు పో" అన్నది అప్పుడు పనికిరాదు.

నిర్మల్_ఘాట్

పేపర్ అన్న మాట అందరికీ కడుపుల దేవుతది గని, కాదనలేం.

హంటర్‌రోడ్_హ్యాచ్

అయితే ముందు డ్రమ్ములు ఇప్పి మంచిగ చేయిస్త, ఆయిల్ మార్పిస్త. అప్పుడు కూడ ఘాట్ల మెత్తబడితే ఆర్టీవోల అడిగి ఆర్‌ఎస్ సెట్టు సంగతి చూస్త. అనుమతి వస్తే బిగించే వరస ఎట్లుంటదో ఇప్పుడే రాసి పెట్టండ్రి అన్నా, మళ్ల మళ్ల అడుగకుండ.

కాజీపేట_కాలిపర్

హబ్బు ముఖం మీద తుప్పు వైరు బ్రష్షుతోని మొత్తం తీయాలె. అక్కడ చిన్న పెచ్చు ఉన్నా డిస్కు వంకర తిరుగుతది. డిస్కు పెట్టి వీల్ నట్టులు వాషర్లతోని బిగించి, డయల్ గేజ్ అంచుకు 10 ఎంఎం లోపల ఆనిచ్చి తిప్పు. వంకర 0.1 ఎంఎం దాటితే డిస్కు ఇంకో రంధ్రానికి జరిపి మళ్ల చూడు. గేజ్ లేకుంటే ఈ పని మొదలే పెట్టకు.

కాలిపర్ ఎక్కించేటప్పుడు గాలి తీసే నిపుల్ పైకి ఉండాలె. ఎడమది కుడికి పోతే నిపుల్ కిందికొస్తది, గాలి పైన నిలుస్తది, సీసాలకు సీసాలు ఆయిల్ పోసినా పెడల్ గట్టిపడదు. స్లైడ్ పిన్నులకు సిలికాన్ గ్రీజే పెట్టు, మామూలు గ్రీజ్ పెడితే రబ్బర్ ఉబ్బి పిన్ను పట్టేస్తది. హోసు మెలిక పడొద్దు. చక్రం వేలాడినప్పుడు ఒకసారి, బండి కిందికి దించి కూర్చున్నంక ఒకసారి చూడు. రెండింట్ల ఏ దిక్కూ రాసుకోవద్దు.

పిస్టన్ సి క్లాంపుతోని నొక్కితే లోపల హ్యాండ్ బ్రేక్ మర పాడైతది. ఇది తిప్పుకుంట లోపలికి పంపే పిస్టన్. కొన్ని బండ్లల్ల ఎడమ దిక్కు తిరుగుడు వేరే, బలవంతం చేయొద్దు. పిస్టన్ మీది గాడి ప్యాడ్ ఎనక మొలకు ఎదురుగ రావాలె.

గేజ్_గురువు

గాలి తీయడం గురించి ఒక మాట. "దూరపు చక్రం నుంచి మొదలు" అని కళ్లు మూసుకుని చేయకండి. మన బండ్లలో ఆయిల్ లైన్లు ఐమూలగా విడిపోయి ఉంటాయి, ఒక ముందు చక్రానికి ఎదురు మూల వెనక చక్రం జత. మీ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లో ఉన్న వరసే పాటించండి. రిజర్వాయర్ అడుగంటనివ్వకండి. ఏబీఎస్ యూనిట్‌లోకి గాలి వెళ్లిందంటే స్కానర్ పెట్టి లోపలి వాల్వులు తెరిపించాల్సి వస్తుంది. పాత మాస్టర్ సిలిండర్ ఉంచుకుంటే పెడల్ నేల దాకా తొక్కి కొట్టకండి. లోపలి పిస్టన్ రోజూ వెళ్లని చోట తుప్పు, గరుకు ఉంటాయి, రబ్బరు పెదవులు కోసుకుపోతాయి. పెడల్ కింద చెక్క ముక్క పెట్టుకుంటే సరి.

హంటర్‌రోడ్_హ్యాచ్

హ్యాండ్ బ్రేక్ కేబుల్ ఎప్పుడు బిగించాలె? ముందా, చివరకా?

కాజీపేట_కాలిపర్

చివరకే. ముందు కేబుల్ పూర్తి వదులు పెట్టి గాలి తీయి. ఇంజన్ నడుస్తుండంగ పెడల్ ఇరవై ముప్పై సార్లు తొక్కు, కాలిపర్ లోపలి అడ్జస్టర్ తన సందు తనే సర్దుకుంటది. తర్వాత కేబుల్ బిగించు. హ్యాండ్ బ్రేక్ కిందికి దించినప్పుడు రెండు కాలిపర్ల లివర్లూ తమ ఆపు మొలకు ఆనుకొనే ఉండాలె. కొంచెం లేచి ఉన్నా అడ్జస్టర్ పని జేయదు, ప్యాడ్ రాసుకుంట డిస్కు కాగుతది. 5 నుంచి 8 క్లిక్కుల మధ్య పట్టాలె, మాన్యువల్ల వేరే అంకె ఉంటే అదే లెక్క.

కొత్త ప్యాడ్లకు 60 నుంచి 20 దాక ఓ పదిసార్లు మధ్యరకంగ బ్రేక్ కొట్టు, నడుమ చల్లారనియ్యి, వేడి మీద బ్రేక్ తొక్కి నిలబెట్టకు. ములుగు రోడ్డు మీద పొద్దున ఖాళీగ ఉన్నప్పుడు చేయొచ్చు.

ఇంకోటి, ఘాట్ దిగి వేడి డిస్కుల మీద హ్యాండ్ బ్రేక్ గుంజి పోయినవంటే, డిస్కు చల్లారి ముడుచుకున్నంక పట్టు వదులైతది. అప్పుడు గేరుల పెట్టి, వాలు ఉంటే చక్రం కింద రాయి పెట్టు.

లేత్_మిస్త్రి

ఆదివారం డ్రమ్ము ఇప్పినంక లైనర్ల ఫోటో, అడ్జస్టర్ ఫోటో ఎడమ కుడి వేరే వేరేగ పెట్టు తమ్మీ. స్ప్రింగులు తీసే ముందు ఒక్క దిక్కే ఇప్పు, రెండోది చూసి బిగించనీకి ఉంటది.